బొద్దింకల డ్రమ్ము చుట్టూ ఒక గీత

మా ఇంట్లో బొద్దింకలను చంపం, పెంచుతాం అని ఒకసారి హాస్టల్లో నోరు జారాను. నా పక్క మంచం అమ్మాయి ఆ రోజే మంచం మార్పించుకుంది. ఆమెను తప్పుపట్టలేను. నాకూ వాటి మీద ప్రేమేమీ లేదు. పాత నూనె, తడిసిన అట్ట కలిసి మగ్గినట్టుండే ఆ వాసన మా ఇంటి వాసనైపోయింది. సెలవులకు వెళ్లి వస్తే నా చున్నీలు కూడా అదే కంపు కొట్టేవి.

నాన్న భద్రాచలంలో ఒక జూనియర్ కాలేజీలో ల్యాబ్ అటెండర్. జువాలజీ ప్రాక్టికల్స్‌కు ఏటా పిల్లలు కోయడానికి బొద్దింకలు కావాలి. ఎవరో ఒకరు పట్టుకురావాలి కదా, ఆ ఎవరో ఎప్పుడూ మా నాన్నే. హోటళ్ల వెనక మోరీలు వెతికి వెతికి విసుగొచ్చి, చివరికి ఇంట్లోనే ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో పెంచడం మొదలుపెట్టాడు. దుమ్ముగూడెం పోయే రోడ్డు మీద, ఊరి చివర మా పెంకుటిల్లు. ఇంటి వెనక చేను, చేను వెనక అడవి. వెనక వసారాలో ఒక మూల ఆ డ్రమ్ము ఉండేది. లోపల కోడిగుడ్ల అట్టలు నిలబెట్టి, తవుడు, ఎండిన రొట్టె ముక్కలు, గుమ్మడికాయ తొక్క వేసేవాడు. అవి పైకి పాకకుండా డ్రమ్ము అంచు లోపలివైపు చుట్టూ వాసెలిన్ పూసేవాడు. పైన దోమతెర గుడ్డ, దాని చుట్టూ సైకిల్ ట్యూబు కోసి చేసిన పట్టీ. ఒక్క బొద్దింక బయటికొచ్చేది కాదు, కుక్క వచ్చేదాకా.

ఆ ఎర్రకుక్క పిల్లగా ఉన్నప్పుడే వానకు మా అరుగు కింద చేరి, మళ్లీ పోలేదు. మంచిదే, కానీ దానికి ప్రతిదీ ఏమిటో తెలుసుకోవాలి. తేలును వాసన చూసి మూతి వాచింది. తేనెతుట్టె దగ్గర ఒక కన్ను మూసుకుపోయింది. అయినా బుద్ధి రాలేదు. "పోలీసోళ్లింట్ల వుట్టాల్సింది, మనింట్ల వడ్డది" అనేది అమ్మ. డ్రమ్ములో గరగరమని చప్పుడు. అది వింటూ ఏ కుక్క ఊరుకుంటుంది? పైగా దానికి వాసెలిన్ రుచి తెలిసింది. పట్టీ పళ్లతో లాగి, గుడ్డ తీసి, అంచంతా శుభ్రంగా నాకేది. ఆ తర్వాత బొద్దింకలు హాయిగా నడిచి బయటికొచ్చేవి.

నాన్న గుడ్డ మీద రాయి పెట్టాడు. అది రాయి దొర్లించింది. డ్రమ్మును దూలానికి తాడుతో వేలాడదీశాడు. అది పొద్దంతా కింద కూర్చుని, దేవుణ్ని చూసినట్టు పైకి చూస్తూ మొరిగింది. చివరికి పాలగిన్నెకు చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు, డ్రమ్మును ఇటుకల మీద నిలబెట్టి చుట్టూ నీళ్ల తొట్టి కట్టాడు. కుక్క ఆ నీళ్లు తాగేసింది. ఇంటర్ పిల్లలకు కత్తెర పట్టడం నేర్పే మనిషిని ఒక ఊరకుక్క ముప్పుతిప్పలు పెడుతుంటే నేను పడీపడీ నవ్వేదాన్ని. నాన్నకు మాత్రం కోపం వచ్చేది కాదు. ఆయన కోపాలన్నీ ఎక్కడ దాచుకునేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ గురించి ఒక విషయం చెప్పాలి. నాకన్నా ముందు పుట్టిన అన్న జ్వరంతో పసిగుడ్డుగానే పోయాడట. అప్పుడు మా నాయనమ్మ ఒక మాట అంది. "నీ చేతి వాసి మంచిది గాదు." నాయనమ్మ పోయింది కానీ ఆ మాట పోలేదు. అమ్మ కోడిని పొదగేయదు. అమ్మ గింజ నాటదు. బీర పాదులు పెట్టే రోజున గుంటలు తవ్వి, నీళ్లు పోసి, గింజలు నా అరచేతిలో పోసేది. "నువ్వు పెట్టు బిడ్డా" అనేది. చిన్నప్పుడు అది నా మీది గారాబం అనుకునేదాన్ని. ఎవరింట్లోనైనా బాలింతను చూడ్డానికి వెళితే గుమ్మం దగ్గరే నిలబడి, చేతులు కొంగులో చుట్టుకునేది. పిల్లను ఇస్తామన్నా ఎత్తుకునేది కాదు.

నేను డిగ్రీలో చేరిన ఏడాది ఎండాకాలంలో పెద్ద గాలిదుమారం వచ్చింది. చేను గట్టు మీది ఇప్పచెట్టు కొమ్మ ఒకటి తొర్రతో సహా విరిగిపడింది. కుక్క అక్కడ నిలబడి ఒకటే అరుపు. వెళ్లి చూస్తే తడిసి ముద్దయిన పిట్టపిల్ల. ఒక రెక్క వేలాడుతోంది. నాన్న ఆ రెక్కను మెల్లగా విప్పాడు. లోపల నీలం. పాలపిట్ట పిల్ల.

"నేను ముట్ట" అంది అమ్మ, ఎవరూ అడగకముందే.

"రెక్క మంచిగైనంక ఇడిచిపెడదాం" అన్నాడు నాన్న.

దానికి పురుగులే తిండి. ఎండలకు చేలలో మిడత కూడా లేదు. ఉన్నవల్లా డ్రమ్ములో బొద్దింకలు. పెద్దవాటి కాళ్లు, రెక్కలు గిల్లి, నాన్న చిన్న పట్టకారుతో పిట్ట నోట్లో పెట్టేవాడు. కానీ సెలవులు అయిపోయాయి, ఆయన కాలేజీకి, నేను హాస్టల్‌కు. గంపలో పిట్ట గొంతు చించుకుని అరుస్తుంటే ఇంట్లో అమ్మ ఒక్కతే. మొదటి రోజు మధ్యాహ్నం దాకా చెవులు మూసుకుని కూర్చుందట. ఆ తర్వాత లేచి, డ్రమ్ము గుడ్డ తీసింది.

తర్వాత నేను ఇంటికొచ్చినప్పుడల్లా చూశాను. అమ్మ పిట్టతో మాట్లాడేది కాదు, ముద్దు చేసేది కాదు, అది బతుకుతోందని కూడా పైకి అనేది కాదు. అంటే ఎక్కడ దిష్టి తగులుతుందో అని భయం. పొద్దున్నే లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా గంప దగ్గరికి వెళ్లి, ఉందా లేదా అని చూసేది. ఉంటే పొయ్యి ముట్టించేది. వానలు మొదలయ్యాయి, పిట్టకు ఈకలు నిండాయి, రెక్క అతుక్కుంది. వసారాలో వెదురు దండెం కడితే దాని మీద కూర్చుని, ఇచ్చిన బొద్దింకను దండేనికేసి టపటపా కొట్టి మింగేది. వంటింటి దాకా ఎగిరేది. అప్పుడు నాన్న ఇక ఇడిచిపెడదామంటే, అమ్మ మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"దసర దాక ఉంచుదం. పండుగనాడు అందరు పాలపిట్టను సూడనీకి చెల్కలల్ల తిరుగుతరు గదా. గా పొద్దు నా చేతులతోటి ఇడుస్త."

ఎందుకో నాన్నకు చెప్పక్కర్లేదు. ఊరంతా చూస్తుండగా తన చేతిలోంచి ఒక ప్రాణం ఎగిరిపోవాలని అమ్మ కోరిక. ఆమె ఏదైనా కోరగా నేను వినడం అదే మొదలు. నాన్న సరేనన్నాడు.

దసరా సెలవులకు నేను వచ్చేసరికి ఇంట్లో కుక్క రాజ్యం మరీ ఎక్కువైంది. అమ్మకు భయం పట్టుకుంది. పండుగ ముందర బొద్దింకలన్నీ పారిపోతే పిట్టకు ఏం పెట్టాలి? ఒకరోజు సరుకులకని భద్రాచలం వెళ్లింది. బస్టాండులో ఒకడు బొద్దింకల సుద్దముక్కలు అమ్ముతున్నాడట. "గీత గీస్తే చాలమ్మా, బొద్దింక దాటదు!" అని అరుస్తున్నాడట.

దాటదు. అమ్మ విన్నది ఆ ఒక్క మాట. మాకు పర్ణశాల ఎంతో దూరం కాదు. సీతమ్మ కోసం లక్ష్మణుడు గీసిన గీత ఇదేనని అక్కడ చోటు చూపిస్తారు. పెళ్లయిన కొత్తలో నాన్న సైకిల్ మీద వెళ్లి చూసొచ్చిన అమ్మకు, గీత అంటే అదే. గీత ఆపుతుంది, లోపలున్నదాన్ని కాపాడుతుంది. సుద్ద బొద్దింకలను ఎలా ఆపుతుందన్న సందేహమే ఆమెకు రాలేదు. అట్టపెట్టె మీది అక్షరాలు ఆమె చదవలేదు. ఆ సాయంత్రం డ్రమ్ము చుట్టూ ఆ సుద్దతో గుండ్రంగా గీసింది. గీసే చెయ్యి ఊరుకోదు కదా, నాలుగు వైపులా నాలుగు పువ్వులు కూడా వేసింది. బతుకమ్మ రోజులు. అలికిన నేల మీద తెల్లటి గీత, పువ్వులు. నాన్న చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం ముగ్గే అనుకున్నాం.

తెల్లవారేసరికి కుక్క డ్రమ్మును పడదోసింది. అమ్మ లేచి చూస్తే బొద్దింకలు గీత మీదుగా నడిచి వసారా అంతా చెదిరిపోయి ఉన్నాయి. కానీ దూరం పోలేదు, చాలావరకు అక్కడక్కడే వెల్లకిలా పడి కాళ్లాడిస్తున్నాయి. అమ్మ వాటిని చెంబులోకి ఏరుకుంటూ నాకు వినపడేలా అంది.

"సూస్తివా, గీత పనిచేసింది. ఎటు వోలే. పట్టుకునుడు గుడ ఎంత అల్కగైందో!"

ఆ పూట పిట్టకు కడుపు నిండా పెట్టింది. తర్వాత వాడకట్టు ఆడవాళ్లతో కలిసి తంగేడు పూలకు అడివంచుకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ దండెం వైపు చూసి నవ్వింది. అమ్మ పళ్లు కనబడేలా నవ్వడం అరుదు, అందుకే గుర్తుంది.

ఎండ ఎక్కేవేళకు పిట్ట దండెం మీద నిలవలేకపోయింది. కాళ్లు వణికి కింద పడింది. నాన్న చేతుల్లోకి తీసుకుని నోట్లో నీళ్ల చుక్కలు వేశాడు. అది రెక్కలు రెండూ బారుగా చాపింది. బాగైన రెక్క కూడా పూర్తిగా విచ్చుకుంది. ఆ నీలాన్ని అంత దగ్గరగా నేను అప్పుడే చూశాను. కాసేపటికి మెడ వాలిపోయింది.

నాన్న పిట్టను ఒళ్లో పెట్టుకుని చెంబులోకి చూశాడు. మిగిలిన బొద్దింకలు వెల్లకిలా వణుకుతున్నాయి. ఆ తర్వాత నేల మీది ముగ్గు వైపు చూశాడు. కిటికీలో అట్టపెట్టె కనబడింది. తీసి చదివాడు. నాకూ ఇచ్చాడు. చిన్న అక్షరాలతో విషమని రాసి ఉంది. ఆ విషం అంత పిట్టను చంపుతుందా, అది మరే జబ్బుతోనైనా పోయిందా అని తర్వాత నేను చాలాసార్లు ఆలోచించాను. నాన్నకు మాత్రం అనుమానం లేదు. గోడకు చేరగిలబడి కూర్చుని అన్నాడు.

"మీ అమ్మకు చెప్పకు బిడ్డా. రెక్క మంచిగై ఎగిరిపోయిందందాం."

"పండుగ దాక ఆగకుండ ఎట్ల పోయిందంటది గదా నాన్నా."

"అననీ. నన్నే అననీ. ఇది తన చేతులనే పోయిందని తెలిస్తే ఇగ బతుకంత గా చేతులు దాసుకుంటది."

నిమ్మచెట్టు కింద గుంట తీసి పూడ్చాడు. ఆయన చెయ్యి కడుక్కునేలోపే కుక్క తవ్వేసింది. దాని మెడకు తాడు కట్టడం నేను చూసింది ఆ రోజే. నాన్న పిట్టను తువ్వాలులో చుట్టి సైకిల్ మీద గోదావరి దాకా వెళ్లి వచ్చాడు. నేను నేల మీది గీతను నాలుగుసార్లు కడిగాను. చెంబులోవి, డ్రమ్ములో మిగిలినవి కూడా నాన్న దూరంగా పారబోశాడు.

అమ్మ పూలగంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. ముందు దండెం వైపు చూసింది. తర్వాత నాన్న వైపు.

"ఎగిరిపోయిందే" అన్నాడు నాన్న. "గేటు దాక పోయింది, ఇగ ఆగలే. ఏటి దిక్కు వోయింది."

గంప దించలేదు. అలాగే నిలబడింది. ముఖంలో మొదట సంతోషం వచ్చింది. నేను కళ్లారా చూశాను. తర్వాతే మిగతాది.

"నన్నెందుకు పిలువలే?"

నాన్న గంప అందుకోబోయాడు.

"నేనేడికి వోయిన? గీ గట్టెన్కనే ఉంటి గదా. ఒక్క ఒర్రు ఒర్రితే ఇనవడకపోవునా? గిన్ని దినాలు నేను సాదితే, పొయ్యేటప్పుడు నువ్వొక్కనివే సూస్తివా?"

ఆ సమయానికే కుక్క తాడు తెంపుకుని, నిమ్మచెట్టు కింది నుంచి ఏదో కరుచుకొచ్చింది. నీలం ఈక. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ కుక్క నోట్లోంచి ఆ ఈక తీసుకుని, కొంగుతో తుడిచి, "ఎగిరేటప్పుడు రాలినట్టుంది" అని తనే అంది. నేను వంటింట్లోకి పోయి నీళ్లు తాగుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

ఆ రోజు నుంచి ఇంట్లో రెండు జరిగాయి. ఒకటి, అమ్మ చేతులు బయటికొచ్చాయి. పాలపిట్టను సాది ఎగరేసిందని ఊరంతా తెలిసింది. తెలియకేం, తనే చెప్పుకుంది. మరుసటి వానాకాలం బీర గింజలు నా చేతిలో పోయలేదు, తనే నాటింది. కోళ్లను పొదగేయడానికి వాడకట్టు ఆడవాళ్లు గుడ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. పక్క గూడెం నుంచి ఒక ముసలమ్మ మిరప నారు పోసే ముందు మొదటి పిడికెడు అమ్మతో చల్లించుకుని వెళ్లేది. నాకు కూతురు పుట్టినప్పుడు నర్సు పిల్లను నా మంచం దగ్గరికి తెస్తే, అందరికన్నా ముందు చేతులు చాపింది మా అమ్మే. గుమ్మం దగ్గర నిలబడిపోయే మనిషి. ఆ క్షణంలో నాన్న నా వైపు చూడలేదు, గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

రెండోది, అమ్మ నాన్నను క్షమించలేదు. పెద్ద గొడవేం కాదు, సన్నగా, సూదిలాగా. అన్నానికి పిలవడం ఆలస్యమైతే, "పిట్ట వోయినప్పుడు పిలిచినట్టే పిలుస్తడు" అనేది. చుట్టాలింటి పెళ్లికబురు తనకు ఆలస్యంగా చెబితే అదే మాట. మా ఇంట్లో అదొక సామెతైపోయింది. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నాన్న కూడా నవ్వేవాడు. వచ్చినవాళ్లు ఎట్ల ఎగిరిందని అడిగితే ఆయన తడబడుతూ చెప్పేవాడు. ఒకసారి గేటు మీంచి అనేవాడు, ఒకసారి చింతచెట్టు మీంచి అనేవాడు. "సూసినోనికి గుడ చెప్పొస్తలేదు, నేను సూసుంటే మంచిగ చెప్తుంటి" అని అమ్మ దెప్పేది. రెండు మూడుసార్లు నాకు ఒళ్లు మండి నిజం నోటి దాకా వచ్చింది. నాన్న కళ్లతోనే వద్దనేవాడు. చేసిన మేలు చెప్పుకోలేక, చేయని తప్పుకు తల వంచుకునే మనిషిని చూస్తూ ఒక ఇంట్లో ఉండటం తేలిక కాదు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది, ఇద్దరి మీదా జాలి వేసేది.

ఆ తర్వాత కొన్నేళ్లకు అమ్మ మూత్రపిండాలు చెడిపోయాయి. ఖమ్మంలో దవాఖానాలో పెట్టాం. చివరికి వచ్చేసరికి చేతులు వాచి, నరం దొరక్క నర్సులు ఇబ్బందిపడేవారు. అమ్మకు తెలివి బాగానే ఉంది. ఇక ఎక్కువ రోజులు లేవని తనకూ తెలుసు. ఒక మధ్యాహ్నం నాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగి, మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అంది.

"ఇగో, నేను వొయ్యేటప్పుడు బిడ్డను పిలువు. పిట్ట లెక్క ఒక్కనివే సూసి ఊకోకు."

నాన్న ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను. చెబితే బాగుండుననీ అనుకున్నాను, చెప్పకూడదనీ అనుకున్నాను.

"తప్పయిందే" అన్నాడు. "పిలవాల్సుండె. నువ్వు గట్టెన్కనే ఉంటివి. ఒక్క మాట ఒర్రితే వస్తుంటివి. నాకు సమజ్ కాలే. నన్ను మాఫ్ చెయ్యి."

జరగని దానికి, అన్నేళ్ల తర్వాత, నిజంగా తప్పు చేసినవాడిలాగే మొక్కాడు. అమ్మ వాచిన చెయ్యి మెల్లగా ఎత్తి ఆయన భుజం మీద వేసింది.

"పోనీ తియ్. నేను సూడకపోతేంది? బతికింది గదా."

"అవ్" అన్నాడు నాన్న. "నీ చేతుల బతికింది."

రెండు రోజుల తర్వాత, పొద్దున, నేను కింద మందుల కౌంటర్ దగ్గర వరుసలో ఉన్నాను. పై వరండాలోంచి నాన్న కేక వినబడింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, దవాఖానా అంతా తలెత్తి చూసేలా, నా పేరు పెట్టి మళ్లీ మళ్లీ ఒర్రుతున్నాడు. చీటీ అక్కడే పడేసి మెట్లెక్కి పరుగెత్తాను. నేను వెళ్లేసరికి అమ్మ ఇంకా కళ్లు తెరిచే ఉంది.